ఫోకట్ కాదు దూల్హాభాయ్, ఆజాద్!



పోయిన ఆదివారం ఖాందాన్ మొత్తం హార్స్లీ హిల్స్‌కి పోయినాం. పుంగనూరు నుంచి ఆపా, దూల్హాభాయ్, కుప్పం నుంచి మా చిన్నచెల్లెలి కుటుంబం, మదనపల్లె నుంచి మేము. గాలిబండ దగ్గర దస్తర్‌ఖాన్ పరిచి బగారా ఖానా డేగ్చీ మూత తీస్తున్నాం. చెల్లెలి కూతురు మాత్రం కాస్త ఎడంగా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఫోన్‌లో సిగ్నల్ కోసం తంటాలు పడుతోంది. ఇంజనీరింగు మూడో సంవత్సరం, మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. ఉన్నట్టుండి ఒక్క కేక పెట్టింది: "మామూ, ఒప్పుకున్నారు!"

రెండు నెలలుగా ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోసం తను రాస్తున్న కోడును, దాన్ని చూసుకునేవాళ్లు ఆ రోజు అందులో కలుపుకున్నారు. సంగతి అదీ.

మా దూల్హాభాయ్ టమోటా మండీ మనిషి. దేన్నయినా క్రేటుకి ఎంత అనే అడుగుతారు. "కిత్తే దేతే బేటీ?" అన్నారు.

"కుచ్ నై ఖాలూ."

"మరి ఫోకట్ కా కామ్ ఎందుకమ్మా? రాత్రి పన్నెండు దాకా మేలుకునేది దీనికా? యాడనో ఉన్న కంపెనీవాడు కోట్లు సంపాదించుకుంటాడు, మన పిల్లకు కళ్లద్దాలు వస్తాయి."

అందరూ నవ్వినారు. వాళ్లమ్మ కూడా నవ్వింది. పిల్ల ఏమీ అనకుండా ల్యాప్‌టాప్ మూసేసి ప్లేట్లు అందించడానికి లేచింది.

ఖాందాన్‌కి బడే దామాద్, దస్తర్‌ఖాన్ మీద బహస్ ఎందుకులే అని నేను నోరు మెదపలేదు. ఇంటికొచ్చినాక నా మీద నాకే సిగ్గేసింది. ఎందుకంటే ఆ రెండు నెలల మెహనత్ ఎవరి కోసం జరిగిందో అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు. అందుకే ఆ రోజు చెప్పని జవాబు ఇప్పుడు రాస్తున్నా. మా దూల్హాభాయ్ ఒక్కరికే కాదు, పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుంటే "దీంట్లో ఎంత వస్తుంది" అని మాత్రమే అడిగే అమ్మీ అబ్బాలందరికీ.

ముందు నా దుకాణం కథ వినండి. నాది డీటీపీ, జిరాక్స్ షాపు. షాదీ రుఖ్ఖాలు, పాంప్లెట్లు, దుకాణాల బిల్లుబుక్కులు, ఇవే నా రోజీ. మా అబ్బాజాన్ మర్హూమ్ హైస్కూల్లో తెలుగు మాస్టారు. రిటైరయినాక తన జిందగీ ముచ్చట్లన్నీ నోటుబుక్కుల్లో రాసుకున్నారు. 2004లో నేనే కూర్చుని టైపు చేసినా. 142 పేజీలు వచ్చింది. పుస్తకం వేద్దామనుకుంటూనే సంవత్సరాలు గడిచిపోయినాయి. నోటుబుక్కులు చెదలు తిన్నాయి. అబ్బా పోయినారు. ఫైలుంది కదా అని నేను ధీమాగా ఉన్నా.

ఆ రోజుల్లో తెలుగు టైపు సాఫ్ట్‌వేర్‌కి ఒక డాంగిల్ ఉండేది, కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకి తగిలించే చిన్న తాళం. అది చెడిపోయింది. కొత్త కంప్యూటర్‌కి ఆ పోర్టే లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే కొత్త వెర్షన్ కొనుక్కోమన్నారు. కొంటే, కొత్తదాంట్లో పాత ఫైలు సరిగా తెరుచుకోలేదు. తెర మీద చూస్తే అబ్బా రాసిన తెలుగు మాటల బదులు ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు, విరిగిన గాజుపెంకుల్లాగా.

ఎందుకలా అయిందో నాకు భాంజీయే చెప్పింది. పాత ఫాంట్లలో తెలుగు అక్షరం నిజంగా తెలుగు అక్షరంగా దాచుకోలేదు. ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తలకట్టు, కొమ్ము, గుడి, వత్తు ముక్కల బొమ్మలు పెట్టి తెలుగులా చూపించినారు. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఆ కంపెనీ ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే పిచ్చిరాత. ప్రపంచంలోని అన్ని లిపులకూ ఒకే లెక్క పెట్టిన యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికినా, మా డీటీపీ లోకం ఏళ్ల తరబడి ఆ తాళాల్లోనే బతికింది.

పాత ఫాంటు రాతను యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు వలంటీర్లు రాసినవి ఉన్నాయి. 2003లో తెలుగు వికీపీడియాకు పునాది వేసిన వెన్న నాగార్జున గారే, పాత పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లో చదివించే 'పద్మ'ను కూడా తయారుచేసి అందరికీ ఇచ్చినారు. అలాంటిదే ఇంకొక కన్వర్టర్ మా భాంజీకి దొరికింది. అందులో నా ఫాంటు పట్టిక లేదు. "లేకపోతే రాద్దాం మామూ" అంది. నా దగ్గరున్న పాత కీబోర్డు చార్టు, కొన్ని అచ్చు కాగితాలు ముందు పెట్టుకుని, ఏ గూట్లో ఏ ముక్క ఉందో ఒక్కొక్కటే రాసుకుంటూ పోయింది.

ఇది గుమాస్తా పని అనుకోకండి. పాత ఫాంటులో 'స్త్రీ' అంటే కంటికి కనిపించే వరసలో ఉంటుంది: ముందు 'సీ', దాని కింద త వత్తు, ర వత్తు. యూనికోడ్‌లో పలికే వరస: స, త, ర, చివరికి దీర్ఘం. అంటే కోడు ఆ గుడి దీర్ఘాన్ని పట్టుకుని రెండు వత్తులూ దాటించి చివర కూర్చోబెట్టాలి. తను పంపిన పనిని ఆ ప్రాజెక్టు చూసుకునేవాళ్లు మూడుసార్లు వెనక్కి పంపినారు. ఇక్కడ తప్పు, అక్కడ పరీక్ష రాయలేదు, ఈ వత్తు రెండుసార్లు వస్తోంది అని. మూడుసార్లూ దిద్ది పంపింది. నాలుగోసారి, గాలిబండ మీద, ఒప్పుకున్నారు.

ఇప్పుడు నా మొదటి మాట. దీన్ని ఫోకట్ అనేవాళ్లు ఒక మాటకు బదులు ఇంకో మాట వాడుతున్నారు. ఇంగ్లీషువాడికి పాపం రెంటికీ 'ఫ్రీ' అనే ఒకటే మాట. మనకేం కర్మ? ఉర్దూలో 'ముఫ్త్' వేరు, 'ఆజాద్' వేరు. తెలుగులో 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. హైదరాబాద్ కేంద్రంగా తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగు కాలేజీల పిల్లలను కూడగట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం పేరే 'స్వేచ్ఛ'. ఆ పిల్లలు కంప్యూటర్‌ను తెలుగులో మాట్లాడించేందుకు స్వేచ్ఛ అనే పేరుతోనే ఒక లినక్స్ వ్యవస్థ తయారుచేసినారు. ఈమధ్య వేలమంది విద్యార్థులు స్కాన్ చేసిన తెలుగు కథల పేజీలు దిద్ది, తెలుగులో కథ చెప్పే ఏఐ నమూనాకు సరుకు సమకూర్చినారు. జీతం కోసం కాదు. మన జబాన్ కంప్యూటర్‌లో వేరేవాళ్ల తాళం కింద ఉండకూడదని.

ఈ ఆజాదీ సవాల్ మొదలైంది కూడా ఒక ప్రింటర్ దగ్గరే. నాలాంటి షాపువాడికి ఇది బాగా అర్థమవుతుంది. అమెరికాలో ఎంఐటీ ల్యాబులో ఒక లేజర్ ప్రింటర్ కాగితం ఇరుక్కుని మాటిమాటికీ ఆగిపోయేది. రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్, దాని కోడు ఇస్తే నేనే బాగుచేసుకుంటా అన్నాడు. ఇవ్వలేదు. కొన్నది మేము, వాడేది మేము, బాగుచేసుకునే హఖ్ మాకెందుకు లేదు అన్న మంట ఆయన్ని వదల్లేదు. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించినాడు. 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వచ్చింది. దాని షరతులు సాదాసీదా: ఎవరైనా వాడుకోవచ్చు, లోపల చూసి నేర్చుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అయితే మార్చి పంచేవాడు ఇదే హఖ్ తన తర్వాతి వాడికీ ఇవ్వాలి. దాచుకోకూడదు.

ఇది విన్నప్పుడు మీకేం గుర్తొచ్చింది? నాకైతే వక్ఫ్ గుర్తొచ్చింది. బావి తవ్వించి వక్ఫ్ చేసినవాడు దాన్ని అమ్మడు, వారసులూ అమ్మలేరు, తాగేవాడిని నువ్వెవరు అని అడగరు. ఇదీ అదీ ఒకటేనని నేను ఫత్వా ఇవ్వడం లేదు, నేను ఆలిమ్‌ను కాను. మిసాల్ చెప్తున్నా. ఊళ్లో చలివేంద్రం పెట్టినవాడిని "క్రేటుకి ఎంత మిగిలింది" అని అడగం కదా దూల్హాభాయ్?

రెండో మాట. "మనకేం ఫాయిదా" అనేవాళ్లు జేబులో ఫోన్ తీయండి. ఆండ్రాయిడ్ అయితే దాని అడుగున ఉన్నది లినక్స్. 1991లో హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. మీరు సినిమాలు చూసే వీఎల్‌సీ ప్లేయర్ 1996లో పారిస్‌లో కాలేజీ పిల్లల ప్రాజెక్టు. ఇంటర్నెట్ సర్వర్లలో విరివిగా నడిచే డెబియన్‌ను 1993లో మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ అప్పటికి విద్యార్థి. వీళ్ల ఇళ్లల్లోనూ ఎవరో ఒకరు "ఎంతిస్తారు" అనే అడిగి ఉంటారు.

ఇంకా దగ్గరికి రండి. మీ ఫోన్‌లో ఈ తెలుగు వత్తులు సరైన చోట కూర్చుంటున్నాయి కదా, ఉర్దూ హర్ఫులు ఒకదానికొకటి అతుక్కుని నస్తాలీఖ్‌లో జారుతున్నాయి కదా, ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ పేరు హర్ఫ్‌బజ్. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో అదే ఉంది. ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఇస్ఫహ్‌బోద్ దాన్ని పెంచి పెద్దచేసినాడు. పేరు ఫార్సీ నుంచి వచ్చింది: హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఈజిప్టుకు చెందిన ఖాలిద్ హుస్నీ, పాత బూలాఖ్ ప్రెస్ అచ్చు అందాన్ని చూసి 'అమీరీ' అనే అరబీ ఖత్ తయారుచేసి అందరికీ వదిలేసినాడు. మీరు దేనికీ పైసా ఇవ్వలేదు. వాడుకునేటప్పుడు ఫోకట్ అని మొహమాటపడలేదు. మన పిల్ల తన వంతు ఇవ్వబోతే మాత్రం ఫోకట్ గుర్తొచ్చిందా?

మన జల్సాల్లో ఒక ముచ్చట తరచుగా వింటాం. అల్ ఖ్వారిజ్మీ మనవాడు, అల్గారిథమ్ అనే మాట ఆయన పేరు నుంచే పుట్టింది అని. సచ్చీ బాత్. చప్పట్లు కొడతాం. ఇంటికొచ్చి, అల్గారిథమ్ రాస్తున్న సొంత కూతురితో "అది పక్కన పెట్టి చపాతీలు చెయ్" అంటాం. వెయ్యేళ్ల కిందటి ఇల్మ్ మీద ఫఖ్ర్, ఎదురుగా ఉన్న ఇల్మ్ మీద జోక్. ఈ దోగలాపన్ ఎన్నాళ్లు?

ఆడపిల్ల అర్ధరాత్రి ఘైర్ మనుషులతో మాట్లాడేదేంటి అని ఒక ఫిక్ర్ ఉంది. నేను కొట్టిపారేయను, నాకూ ఉండింది. అందుకే పక్కన కూర్చుని చూసినా. అక్కడ నడిచే మాటలన్నీ బహిరంగం. ఎవరు ఏం రాసినా ప్రపంచమంతా చదవొచ్చు, సంవత్సరాల తర్వాత కూడా అలాగే ఉంటుంది. తన మజ్‌హబ్ ఏది, బురఖా వేసుకుంటుందా, ఏ ఊరు, ఏ కాలేజీ అని ఆ రెండు నెలల్లో ఒక్కరూ అడగలేదు. అడిగినదల్లా 'స్త్రీ' ఎందుకు తప్పొస్తోంది అని. మన పిల్లలకు ఇంటర్వ్యూల్లో పేరు చెప్పగానే ఎదుటివాళ్ల మొహం మారిపోతుందేమో అన్న భయం ఒకటి ఉంటుంది. పేరు కంటే ముందు పని మాట్లాడే చోటు దొరికితే, మనం తలుపు తెరవాలా, ముయ్యాలా? అన్నిచోట్లా తమీజ్ ఒకేలా ఉంటుందని నేననను. దురుసుగా రాసేవాళ్లు అక్కడా ఉన్నారు. అందుకే ఒకసారి పక్కన కూర్చోండి అంటున్నా. దూరం నుంచి నవ్వకండి.

ఇప్పుడు రెండోవైపు వాళ్లకు కూడా చెప్పాల్సింది ఉంది. "ఓపెన్ సోర్స్ చెయ్, రెజ్యూమేలో మెరుస్తుంది" అని పిల్లలను తరిమే సీనియర్లకు, వీడియో ఉస్తాదులకు. మీరు చేసిన నుక్సాన్ మా దూల్హాభాయ్ జోకు కంటే పెద్దది. 2020 అక్టోబరులో, నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామన్న ఒక పండగకు చెత్త మార్పులు వరదలా వచ్చి పడినాయి. ఒక పదం చేర్చడం, ఒక చుక్క తీసేయడం. ప్రాజెక్టులు నడిపేవాళ్లు తల పట్టుకున్నారు, నిర్వాహకులు పండగ నడుస్తుండగానే నియమాలు మార్చాల్సి వచ్చింది. తర్వాత 2024లో ఎక్స్‌ప్రెస్ అనే పేరున్న ప్రాజెక్టుకు, పాఠంలో చూపించినట్టే తమ పేర్లు చేర్చమంటూ మన దేశపు విద్యార్థుల దరఖాస్తులు కుప్పలుగా పోయినాయి. పిల్లలది అమాయకత్వం, నేర్పినవాళ్లది లాపర్వాయీ. బద్‌నామ్ అయింది మాత్రం హిందుస్తానీ విద్యార్థి అనే పేరు. నిజాయితీగా రెండు నెలలు కూర్చున్న పిల్ల పనిని కూడా ఇప్పుడు అనుమానంగా చూస్తారు.

దీన్నే మన ఇళ్లల్లో రియా అంటాం, దిఖావా. ఖిద్మత్‌కి నియ్యత్ పునాది. పేరు రావొచ్చు, నౌకరీ కూడా రావొచ్చు. గూగుల్ 2005 నుంచి నడుపుతున్న సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఎంపికైనవాళ్లకు స్టైపెండ్ ఇస్తారు. అవన్నీ వస్తే అల్‌హమ్దులిల్లాహ్. కానీ అవే మొదటి మాట అయితే, మార్కుల కోసం చేసే ఇంకో ట్యూషన్ అవుతుంది, అంతే.

దూల్హాభాయ్ మాటలో నేను ఒప్పుకునే ముక్క ఒకటుంది. కోట్లు సంపాదించే కంపెనీలు ఈ పనిని వాడుకుని రాసినవాళ్లను మర్చిపోతున్నాయి. నిజం. 2024 మార్చిలో దీని ఫలితం ప్రపంచమంతా చూసింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్, లినక్స్ యంత్రాలు ఎన్నింటిలోనో ఉండేది, దాన్ని దాదాపు ఒక్క వలంటీరే మోస్తూ వచ్చినాడు. అలిసిపోయిన ఆ మనిషి దగ్గరికి సాయం చేస్తానని ఒకరు చేరి, రెండేళ్లకు పైగా భరోసా సంపాదించి, చివరికి లోపల దొంగ తలుపు పెట్టినారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందే అని అనుమానపడి తవ్వితే బయటపడింది. కోడు బహిరంగంగా ఉంది కాబట్టే తవ్వగలిగినాడు.

దీని నుంచి నేను తీసుకునే నసీహత్ "చేయొద్దు" అని కాదు. ఒక్కడి మీద వదిలేయొద్దు అని. బావిని పదిమంది తోడితే దాన్ని శుభ్రంగా ఉంచే బాధ్యతా పదిమందిది. పిల్లలకు కూడా హద్దు చెప్పాలి. పరీక్షలప్పుడు ఆపమని, నిద్ర మానొద్దని, "ఇప్పుడు నాకు కుదరదు" అని మర్యాదగా రాయడం తప్పు కాదని. భాంజీకి నేను పెట్టిన షరతు ఒకటే: రాత్రి పదకొండుకు దీపం ఆరాలి.

చివరిగా మన ఇంటి లోపలి మాట, చేదుగా ఉంటుంది, మాఫ్ కరో. నా షాపుతో మొదలుపెట్టి చెప్తా. ఏళ్ల తరబడి నేను దొంగ కాపీల మీద బతికినా. క్రాక్ చేసిన విండోస్, క్రాక్ చేసిన డిజైన్ సాఫ్ట్‌వేర్. జబీహా అడక్కుండా చికెన్ ముట్టం, సాఫ్ట్‌వేర్ దగ్గరికి వస్తే "అందరూ చేసేదే కదా" అంటాం. 1988లో కువైట్‌లో కూర్చున్న అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ, రచనల మీద, ఆవిష్కరణల మీద సొంతదారుల హఖ్ షరీఅత్ కాపాడేదే, దాని మీద చెయ్యి వేయకూడదు అని తేల్చింది. మరి కొనే తాఖత్ లేనివాడికి దారేది? దారి ఉంది, అదే ఈ ఆజాద్ సాఫ్ట్‌వేర్. లినక్స్, లిబ్రెఆఫీస్, యూనికోడ్ ఫాంట్లు, దొంగతనమూ అక్కర్లేదు, అప్పూ అక్కర్లేదు. నేను పోయిన సంవత్సరం మారినా. మొదటి నెల ఏడుపొచ్చింది, అబద్ధం చెప్పను. పాత గిరాకీ ఫైళ్లు కొన్ని కుదరలేదు. ఇప్పుడు అలవాటైంది, రాత్రి నిద్ర బాగా పడుతోంది.

కాబట్టి నా అర్జీ ఇది. పిల్లలు ఈ పనిలో ఉంటే ఆదివారం రెండు గంటలు వాళ్లవి అని వదిలేయండి. కొడుక్కి బైకు కొనే ముందు, కూతురికి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ అయినా చూడండి. "ఎంతిస్తారు" అనే ముందు "ఏం చేసినావు బేటా, నాకు చూపించు" అనండి. కోడు రాకపోయినా పర్లేదు. కుప్పంలో పుట్టిన పిల్లలు ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు, బజార్లో తమిళం, కన్నడం మాట్లాడేస్తారు. సాఫ్ట్‌వేర్ మెనూలను మన భాషల్లోకి మార్చే పనికి ఇంతకంటే హునర్ ఏం కావాలి? మన అమ్మమ్మలకు, నానీలకు చదవడానికి వీలుగా తెలుగులో, ఉర్దూలో రాసేవాళ్లు ఇంకా ఎంతోమంది కావాలి.

దూల్హాభాయ్, ఆఖరి మాట మీకే. ఆ కన్వర్టర్‌తో అబ్బాజాన్ 142 పేజీలూ తెరుచుకున్నాయి. అదే ఫాంటు తాళంలో చిక్కుకున్నవాళ్లు ఇంకెక్కడున్నా వాళ్లకూ తెరుచుకుంటాయి, వాళ్లెవరో మనకు తెలియకపోయినా. 87వ పేజీలో మీ నికాహ్ రోజు ముచ్చట ఉంది. వాన పడుతుంటే బారాత్ టమోటా లారీలో వచ్చిందని, పెళ్లికొడుకు షేర్వానీకి మట్టి అయిందని, అయినా దామాద్ నవ్వుతూనే దిగినాడని అబ్బా రాసుకున్నారు. ఆపాను కూడా తీసుకుని షాపుకు రండి, చదువుకోండి. పైసా కట్టాల్సిన పని లేదు.

ఫోకట్ అని మాత్రం అనకండి. పిల్ల వింటుంది.

ఖుదా హాఫిజ్.